బాగులేదు గాని నచ్చింది

ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుని రెండుసార్లు లేచాను. ఒకసారి పొయ్యిమీద పాలు పొంగుతాయని, ఇంకోసారి వీధిలో ఎవరో పిలిచారని. పాలూ పొంగలేదు, ఎవరూ పిలవనూ లేదు. చెప్పబోయే మాట చెప్పడానికి మొహమాటం, అంతే. నలభై దాటినదాన్ని, నవలలు రాసేదాన్ని, బి.ఏ. చదువుకున్నదాన్ని, ఇంతగా మొహమాటపడవలసిన నేరం ఏం చేశానా అని మీరు కంగారుపడకండి. 2023 ఏప్రిల్ 14న విడుదలైన ‘శాకుంతలం’ సినిమా నాకు నచ్చింది.

చూశారా, మీలో సగంమంది అప్పుడే నవ్వారు.

నవ్వడానికి కారణం లేకపోలేదు. ఆ సినిమాని మెచ్చుకున్నవాళ్ళు బహు తక్కువ. సమీక్షలు రాసేవాళ్ళు పెదవి విరిచారు. జనం హాళ్ళకి రాలేదు. నెల తిరక్కుండానే ఇళ్ళలో టీవీల్లో చూసుకోవడానికి వచ్చేసింది. తీసిన గుణశేఖర్‌గారేమీ కొత్తవారు కాదు. ‘ఒక్కడు’ కోసం ఏకంగా చార్మినారునే సెట్టు వేయించిన మనిషి. అంతకు ముందు 1997లో అచ్చంగా పిల్లలతో ‘రామాయణం’ తీసి, జాతీయ బహుమతి తెచ్చుకున్నారు. ఆ పిల్లల్లో రాముడు జూనియర్ ఎన్టీఆర్. అలాంటి ఆయన ఈసారి కాళిదాసు నాటకం పట్టుకున్నారు. సమంతని శకుంతలని చేశారు. కేరళ నించి దేవ్ మోహన్‌ని దుష్యంతుడిగా తెచ్చారు. మోహన్‌బాబుగారికి దుర్వాసుడి జడలు కట్టారు. అల్లు అర్జున్ చిన్నారి కూతురు అర్హ చేత భరతుడి వేషం కట్టించారు. ఇదంతా త్రీడీలో.

తీరా చూస్తే జింకలు కంప్యూటరు జింకలు. నెమళ్ళు కంప్యూటరు నెమళ్ళు. జింక గెంతుతూంటే దాని డెక్కలు నేలమీద ఆనుతున్నాయో, గాలిలో తేలుతున్నాయో చెప్పడం కష్టం. హిమాలయాలు అచ్చం కిరాణా కొట్టువాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చే కాలెండరులో హిమాలయాల్లాగే వున్నాయి. రాక్షసులతో యుద్ధం మొదలయ్యాక ఎప్పటికీ తెమలదు. మాటలు ఒకచోట పద్యనాటకం పోకడ, ఇంకోచోట నిన్న మొన్నటి పోకడ. ఇవన్నీ నాకు తెలుసు. హాల్లో కూర్చున్నప్పుడే తెలుసు. తెలిసే నచ్చింది.

నచ్చితే నచ్చింది, దానికి వ్యాసం ఎందుకు అంటారా? అక్కడికే వస్తున్నాను.

ఆ వేసవిలో మా అమ్మ కోనసీమ నించి రాజమండ్రి వచ్చి, మా ఇంట్లో వుంది. రెండు కళ్ళకీ శుక్లాలు తీయించాం. డాక్టరుగారు ఇంక ఏం చూసినా ఫరవాలేదని చెప్పినరోజు నించీ ఆవిడకి చూడ్డమే పని. డాబామీద ఆరేసిన చీర అంచులో నేత కనిపిస్తోందని ఆశ్చర్యం. గోదారి మీద రైలుబ్రిడ్జీ కమానులు ఎన్నో లెక్కపెట్టగలిగానని సంబరం. అలా వుండగా పేపర్లో బొమ్మ చూసి, ‘‘శకుంతల కథట కదే, తీసుకెళ్ళవూ?’’ అంది. పదిహేనేళ్ళ పిల్లగా వున్నప్పుడు, 1966లో, రామారావూ బి.సరోజాదేవీ వేసిన ‘శకుంతల’ చూసిందావిడ. ఆ తరవాత మా తాతగారు వీరేశలింగంగారి తెలుగు శాకుంతలంలోంచి నాలుగో అంకం పైకి చదువుతూంటే, వత్తులు చేసుకుంటూ విన్నదట. కణ్వుడు కూతుర్ని అత్తవారింటికి పంపించే ఘట్టం. ‘‘మా నాన్న ఎప్పుడూ అక్కడ పుస్తకం మూసేసేవాడే. ఆపైన చదవడానికి గొంతు వచ్చేది కాదు’’ అని చెప్పింది.

అప్పటికి సినిమా రెండో వారంలో వుంది. ఆటో అబ్బాయికి హాలు పేరు చెప్తే, ‘‘ఆయ్, ఆ సినిమాకా అండీ? ఎవరూ ఎల్టం లేదండి’’ అన్నాడు, పాపం మా డబ్బులు మిగుల్చుదామని. నిజమే, హాల్లో ఇరవైమంది వుంటారేమో. అమ్మ తన కళ్ళజోడు మీద ఆ నల్లద్దాలు తగిలించుకుని, అవి జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. మొదటి జింక తెరమీంచి మామీదికి గెంతగానే వెనక వరసలో కుర్రాళ్ళు గొల్లున నవ్వారు. అమ్మ మాత్రం తల పక్కకి తప్పించింది!

అప్పుడు నాకు మా చిన్నప్పటి సురభి నాటకం గుర్తొచ్చింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు పెట్టిన ఆ సమాజం, తరవాత ఎన్నో కుటుంబాలుగా విడిపోయి ఊరూరా తిరిగింది గదా. వాళ్ళు మావైపు వచ్చి పాక వేసి ‘మాయాబజార్’ ఆడారు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఘటోత్కచుడు గాలిలోంచి దిగాడు. నాకు తాడు కనిపించింది. నాకు తెలివితేటలు ఎక్కువని ఋజువు చేసుకోవడానికి, ‘‘అదుగో తాడు, అదుగో తాడు’’ అని పైకే అరిచాను. అమ్మ నా నెత్తిమీద చిన్న మొట్టికాయ వేసి, ‘‘తాడు చూడ్డానికా మనం వచ్చింది?’’ అంది. ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. మొట్టికాయ మాత్రం అర్థమయింది.

తాడు మాట ఎత్తాను కనక ఇంకొంచెం చెప్తాను. కాళిదాసు నాటకం మొదట్లోనే రాజు రథమెక్కి జింకని తరుముతాడు. ఆఖరి అంకంలో ఆకాశంలోంచి రథం దిగుతుంది. ఇదంతా ఆనాడు రంగస్థలం మీద ఎలా చూపించారు? నటుడు అభినయంతో రథవేగం చూపించేవాడు, జింకని తన చూపుతో చూపించేవాడు. జింక బాగులేదని ఏ పండితుడూ అనలేదు. ఎందుకంటే జింకే లేదు! చూసేవాళ్ళే తలా ఒక జింకనీ ఇంటినించి తెచ్చుకునేవారన్నమాట. సినిమా వచ్చాక ఆ పని మన చేతుల్లోంచి పోయింది. 1957లో ‘మాయాబజార్’కి మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో చేసిన గారడీలు ఇవాళ్టికీ నోరు తెరుచుకుని చూస్తాం. 1976లో మన నరసాపురం బాపుగారు ‘సీతాకల్యాణం’లో గంగని దింపితే, ఆ జలపాతం రవికాంత్ నగాయిచ్ అనే ట్రిక్కు ఫొటోగ్రఫీ మాంత్రికుడి పనితనమని నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. వాళ్ళ చేతుల్లో తాడు కనిపించలేదు. సరే, ఒప్పుకుంటాను. గుణశేఖర్‌గారి చేతుల్లో కనిపించింది.

కాని మా అమ్మాయి చెప్పింది, జపాన్‌లో 1954లో ‘గాడ్జిల్లా’ తీసినప్పుడు ఒక మనిషికి రాక్షసబల్లి తొడుగు తొడిగి, బొమ్మల టోక్యో నగరం కట్టి, దానిమీద నడిపించారట. తొడుగులో మనిషి వున్నాడని చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా ఆ తొడుగునే ప్రేమించి, దాని తరవాత డెబ్భై ఏళ్ళపాటు సినిమాలు తీస్తూనే వున్నారు. తొమ్మిదేళ్ళ క్రితం బాంబు పడిన దేశం అది. ఆ బల్లి ఊరు తగలబెడుతూంటే వాళ్ళు చూసినది రబ్బరుని కాదు గదా.

నేను ‘శాకుంతలం’లో ఏం చూశానంటే, ముందు ఆ ఆడపిల్ల చుట్టూ అంత హంగామా చూశాను. మన సినిమాల్లో కోట్లు పోసేది కథానాయకుడి గుర్రానికీ గదకీ. ఇక్కడ స్వర్గమూ భూమీ, పులీ పిట్టా, ఋషులూ రాజులూ అందరూ ఒక అడవిపిల్లకి ఏమవుతుందో అని ఎదురుచూస్తున్నారు. ఆ నెమళ్ళు ప్లాస్టిక్కుగా వుంటే వున్నాయి. మొక్కలకి నీళ్ళు పోయనిదే తాను నీళ్ళు తాగని పిల్ల అని కాళిదాసు కణ్వుడి చేత చెప్పించాడు చూడండి, ఆ మాటని ఎవరో నిజంగా నమ్మి, తెర నిండా కొమ్మలూ రెమ్మలూ రెక్కలూ నింపారు. ఆఖర్న ఆ చిన్నపిల్ల మగవేషంలో సింహం పక్కన నిలబడి, కన్నతండ్రిని ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. పక్కకి తిరిగి చూద్దును గదా, నల్లద్దాల కింద ఆవిడ మొహం పదిహేనేళ్ళ పిల్ల మొహంలా వుంది. నాకు కళ్ళు నిండాయి. ఆ నీళ్ళు సినిమాకా, అమ్మకా అంటే వేరుచేసి చెప్పలేను. అద్దాలు తీసి పైటకొంగుతో తుడుచుకున్నాను.

ఇంటికొచ్చి ఇద్దరం రాత్రి పదింటిదాకా అదే మాట్లాడుకున్నాం. అంతవరకూ బాగానే వుంది.

తరవాత వారం దానవాయిపేటలో స్నేహితురాలింట గృహప్రవేశం. అమ్మనీ తీసుకెళ్ళాను. భోజనాలయ్యాక ఆడవాళ్ళం పదిమందిమి హాల్లో చేరాం. అందులో కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళు ఇద్దరు, బ్యాంకులో పనిచేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు. అందరూ చదువుకున్నవాళ్ళు, నా నవలలు చదివామని చెప్పేవాళ్ళు. మాట సినిమాలమీదికి పోయింది. ఎవరో ఆ జింక మాట ఎత్తారు. ఇంకొకరు దాని గెంతుని చేత్తో అనుకరించి చూపించారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. అంతలో గోడపక్క కుర్చీలో కూర్చున్న అమ్మ, ‘‘మొన్న మేం చూశామమ్మా. చాలా బాగుంది. మా అమ్మాయికీ ఎంతో నచ్చింది’’ అంది.

నవ్వులు ఆగాయి. అందరూ నావైపు తిరిగారు. పాఠాలు చెప్పే ఆవిడ కనుబొమలు ఎత్తి, ‘‘మీకా? మీకు నచ్చిందా!’’ అంది.

ఎంతసేపు పడుతుంది, ‘‘అవునండీ, నాకు నచ్చింది’’ అనడానికి? ఊపిరి తీసుకున్నంతసేపు. నేనన్నదేమిటంటే, ‘‘అబ్బే! అమ్మ సరదా పడిందని తీసుకెళ్ళాను. నాకెక్కడ నచ్చుతుందండీ అలాంటిది!’’

మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. అమ్మ ఇంకేం మాట్లాడలేదు. ఆటోలో వస్తూ కోటగుమ్మం దాటాక మెల్లిగా, ‘‘కళ్ళు తుడుచుకున్నావనుకున్నానే. నా చూపు ఇంకా కుదుటపడలేదు కాబోలు’’ అంది.

నన్ను తిట్టినా బాగుండేది. తన కొత్త కళ్ళని అనుమానించుకుంది గాని, నా మాటని అనుమానించలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, పుస్తకాల బీరువాలోంచి నన్నయగారి ఆదిపర్వం తీశాను. మీకు తెలుసు, ఆయన పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో, ఈ రాజమండ్రిలోనే కూర్చుని భారతం మొదలుపెట్టాడు. ఆ భారతంలో శకుంతల కథలో శాపం లేదు. ఉంగరం లేదు. చేప లేదు. అవన్నీ కాళిదాసు చేర్చినవి. (మూలానికి మార్పులు చేశారని గుణశేఖర్‌గారిమీద విరుచుకుపడ్డవాళ్ళు ముందు కాళిదాసుని పట్టుకోవాలి!) నన్నయ శకుంతల కొడుకుని వెంటబెట్టుకుని సభలోకి వచ్చి నిలబడుతుంది. రాజుకి ఆవిడెవరో స్పష్టంగా తెలుసు. తెలిసి కూడా తెలియదంటాడు. అన్నీ తెలిసిన నువ్వు ఏమీ తెలియని పామరుల్లాగ ఎందుకు బొంకుతున్నావని ఆవిడ నిలదీస్తుంది. నూరు నూతులతో మొదలై ఒక్క నిజం మాట దగ్గర ఆగే పద్యం మనం బళ్ళో అప్పజెప్పినది ఇక్కడిదే. అయినా అతను ఒప్పుకోడు. ఆకాశవాణి పలికాక గాని ఒప్పుకోడు. అప్పుడేమంటాడో తెలుసా? ఈ సంగతి ఆమెకీ నాకూ తప్ప వేరెవరికీ తెలియదు, లోకం ఏమంటుందో అని జంకాను, అంటాడు.

లోకం ఏమంటుందో! దానవాయిపేటలో పదిమంది ఆడవాళ్ళు ఏమంటారో!

కాలేజీలో చదివేటప్పుడు ఈ రాజంటే నాకు ఒళ్ళు మండేది. కాళిదాసంటే కూడా కొంచెం కోపమే. అంత పెద్ద కవి, ఒక మగవాడి తప్పుని కప్పిపుచ్చడానికి పాపం ఒక ముసలి ఋషిని కోపిష్ఠివాణ్ణి చేశాడే అని. మరపు ఎంత సౌకర్యమైనది! మన ఇళ్ళలో కూడా మగవాళ్ళకి ఒక దుర్వాసుడు ఎప్పుడూ అందుబాటులో వుంటాడు. పెళ్ళిరోజు ఎందుకు గుర్తులేదంటే ఆఫీసు శాపం. అత్తగారి ముందు పెళ్ళాం తరఫున ఒక్క మాట ఎందుకు మాట్లాడలేదంటే, ‘‘అప్పుడు తోచలేదోయ్’’ శాపం. ఇవన్నీ చెప్పి పాతికేళ్ళుగా నవలల్లో మగపాత్రలని కడిగేస్తున్నాను. నాకైతే ఏ శాపమూ తగల్లేదు. ఉంగరం చేప మింగలేదు. సినిమా టిక్కెట్టు ముక్క నా హ్యాండుబ్యాగులోనే వుంది. తెలిసి తెలిసి తెలియదన్నాను. ఆకాశవాణి పలుకుతుందేమోనని చూస్తే, మాకు ఆకాశవాణి అంటే విజయవాడ కేంద్రం. వాళ్ళకి అప్పటికి వ్యవసాయ కార్యక్రమం.

ఒక సినిమాని కాదనడం, కట్టుకున్నదాన్ని కాదనడం ఒకటేనా అని మీరనవచ్చు. కాదు. సినిమాకి నా సాక్ష్యం అక్కర్లేదు. నేను నచ్చిందన్నా మూడో వారం ఆడేది కాదు. నేను కాదన్నది సినిమాని అని ఆ నిమిషంలో నేనూ అనుకున్నాను. కాని ఆ సభలో నిలబడి వున్నది సినిమా కాదు, అమ్మ. ‘‘మా అమ్మాయికీ నచ్చింది’’ అని నన్ను పక్కన నిలబెట్టుకుని ఆవిడ మాట్లాడింది. నేను పక్కకి తప్పుకున్నాను.

ఇందులో ఇంకో తమాషా వుంది. ఆ రాజు ముందు నిలబడ్డం నాకూ అలవాటే! వారపత్రికల్లో సీరియల్సు రాసే ఆడదాన్ని గదా. ఎక్కడికి వెళ్ళినా పెద్దమనుషులు, ‘‘మా ఆవిడ మీ నవలలు చదువుతుందండీ’’ అంటారు. ఒకాయన అలాగే అని, పది నిమిషాల తరవాత మాటల్లో, ‘‘మీరు ఆ చిన్న మరదల్ని చంపకుండా వుండవలసింది’’ అన్నారు. ఆ మరదలు చచ్చిపోయేది నలభై రెండో వారంలో! ఆవిడ చదివితే ఈయనకి అంత దుఃఖం ఎందుకో. ఒక సభలో నా నవలని వంటింటి సాహిత్యం అని చప్పరించినావిడ, ఇంటిదాకా వచ్చి వెనక భాగాలు అడిగి పట్టుకెళ్ళింది. ఏకాంతంలో మాలినీతీరం, నలుగురిలో హస్తినాపురం. ఎన్నిసార్లు మనసు చివుక్కుమందో నాకు తెలుసు. మా అమ్మల తరం చేటలో బియ్యం కింద పుస్తకం దాచుకుని చదివితే అది భయం. మనకిప్పుడు ఎవరూ లాక్కునేవాళ్ళు లేరు. మరి మనమెందుకు దాచడం?

అలాగని నచ్చినదాన్నల్లా నెత్తిన పెట్టుకుని ఊరేగాలని నేననను. టిక్కెట్టు కొనుక్కుని చూసి విసుక్కున్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆ జింక బాగులేదు. నేను బాగుందంటే అది ఇంకో బొంకు. ‘‘ఎంత కష్టపడి తీశారో’’ అని వెనకేసుకురావడం కూడా నాకు సరిపడదు. మాడిపోయిన ఉప్మాకి కూడా కష్టపడే వుంటాం. అది తిన్నవాళ్ళు మన కష్టం తినరు, ఉప్మా తింటారు. నా కథలో ఒక ఘట్టం తేలిపోతే, మా అమ్మకి నచ్చిందండీ అని సంపాదకుడికి చెప్పుకోను.

ఇంతకీ మన భాషలో రెండు మాటలు వున్నాయి. బాగుంది అనేది ఒకటి, నచ్చింది అనేది ఒకటి. మొదటిదానికి పదిమంది సాక్ష్యం కావాలి, తూకం కావాలి, వాదించుకోవచ్చు, ఓడిపోవచ్చు. రెండోదానికి సాక్షిని నేనొక్కదాన్నే. నేను లేదంటే ఇంక చెప్పేవాళ్ళే లేరు. ఆ పాఠాలు చెప్పే ఆవిడ, ఎంత ఎకసెక్కంగా అయితేనేం, నన్నడిగింది రెండోది. ‘‘బాగులేదండీ, కాని నాకు నచ్చింది’’ అంటే సరిపోయేది. ఎంత చిన్న వాక్యం! మనలో చాలామందికి అది నోట పలకదు. చీర కొనుక్కుంటూ కూడా, పక్కావిడ బాగుందంటేనే మనకి నచ్చుతుంది. బేరం కుదిరి ఇంటికి వచ్చాక, ఆయనకి నచ్చకపోతే మనకీ నచ్చదు. అలా అలా మనకేం నచ్చుతుందో మనకే తెలియకుండా పోయి, ఎప్పుడో ఒకరోజు కూతురు, ‘‘అమ్మా, నీకు ఏ కూర ఇష్టం?’’ అని అడిగితే, ‘‘మీ అందరికీ ఏది ఇష్టమైతే అదే’’ అంటాం. అది త్యాగం అనుకుంటాం. సగం మరపేమో.

వీరేశలింగంగారి మాట కూడా ఆ రాత్రి తలపుకొచ్చింది. అమ్మ వత్తులు చేస్తూ విన్న శాకుంతలం తెనిగించిన ఆ చేత్తోనే, ఆయన 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా ఏమంటుందో ఆయనకి తెలియదా? ఇంట్లో వంటకి మనిషి దొరక్కపోయినా, ఆ దంపతులు నిలదొక్కుకోవడానికి వెనక రాజ్యలక్ష్మమ్మగారు నిలబడ్డారు. అంత పెద్దల మధ్య నా గొడవ చెప్పుకోవడానికే సిగ్గుగా వుంది. వాళ్ళు ఊరినెదిరించిన ఊళ్ళో నేను ఒక సినిమా పేరు చెప్పలేకపోయాను.

పొద్దున్నే దానవాయిపేట స్నేహితురాలికి ఫోను చేశాను. మొన్న మీ ఇంట్లో అబద్ధం చెప్పాను, నాకు ఆ సినిమా నచ్చింది, ఆ రోజు కూర్చున్నవాళ్ళందరికీ చెప్పమన్నాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత, ‘‘ఒంట్లో బాగానే వుంది గదా?’’ అంది. బాగానే వుందన్నాను. ‘‘మీ రచయిత్రులు ఎప్పుడేమంటారో తెలియదమ్మా’’ అని నవ్వి, గృహప్రవేశానికి వచ్చిన గిన్నెలు ఎన్ని రెండేసి వచ్చాయో చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పి వుండదు. ఇది అచ్చయితే వాళ్ళే చదువుకుంటారు. కాదు, వాళ్ళ అత్తగార్లు చదువుతారు!

వంటింట్లోకి వెళితే అమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఆవకాయకి మామిడికాయలు కొడుతోంది. వద్దంటే వినదు. పక్కన పీట వేసుకు కూర్చుని, ముక్కలు గుడ్డతో తుడుస్తూ, ‘‘నీ చూపు సరిగానే వుందే అమ్మా. నేను కళ్ళు తుడుచుకున్న మాట నిజమే. నాకు నచ్చింది. ఆ రోజు అందరిలో సిగ్గేసి అలా అన్నాను’’ అన్నాను.

అమ్మ కాయ మధ్యకి కొట్టి, జీడి తీసి పారేసి, ‘‘ఇప్పుడెందుకే అదంతా’’ అంది. ఇంకో కాయ తీసుకుంది. కొంచెం ఆగి, ‘‘అయినా ఆ రాక్షసుల యుద్ధం నాకూ నచ్చలేదు. ఆ కాసేపూ నిద్రపోయాను. అద్దాలున్నాయి గదా, నీకు తెలియలేదు’’ అంది.